ప్రసంగంపై నిఘా, పద్దులపై మౌనం: వక్ఫ్ పాలకమండలి ఎవరికి జవాబుదారీ?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వక్ఫ్ బోర్డు 2024 నవంబరులో జారీ చేసిన ఆదేశం దేశవ్యాప్త చర్చకు దారితీసింది. శుక్రవారం జుమా నమాజు వేళ మసీదులో చేసే ప్రసంగం ఏ అంశంపై సాగనుందో ముతవల్లీలు, అంటే వక్ఫ్ నిర్వాహకులు, ముందుగానే బోర్డుకు తెలియజేసి ఆమోదం పొందాలన్నది ఆ ఆదేశ సారాంశం. నవంబరు 22 నుంచి ఇది అమలులోకి వస్తుందని రాయ్‌పూర్‌లోని బోర్డు ప్రకటించింది. సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి ముతవల్లీలతో ఒక వాట్సాప్ గ్రూపును కూడా ఏర్పాటు చేసింది. మసీదులు రాజకీయ వేదికలు కారాదన్నదే తమ ఉద్దేశమని బోర్డు అధ్యక్షుడు సలీం రాజ్ వివరణ ఇచ్చారు. మత స్వేచ్ఛకు హామీ ఇస్తున్న రాజ్యాంగంలోని 25వ అధికరణకు ఇది విరుద్ధమని హైదరాబాద్ పార్లమెంటు సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ తీవ్రంగా ఆక్షేపించారు.

వాదోపవాదాలు సహజంగానే మతం, రాజకీయం అనే రెండు మాటల చుట్టూ తిరిగాయి. అయితే ఆ వివాదంలో మరుగున పడిన ప్రశ్న ఒకటి ఉంది. ధార్మిక ఆస్తులను కాపాడడానికి చట్టం ఏర్పాటు చేసిన పాలకమండలి దృష్టి మొదట దేనిపై ఉండాలి? ఇమాము ఏమి మాట్లాడతారన్న దానిపైనా, లేక దుకాణాల అద్దె ఎంత వచ్చింది, అది ఎవరికి చేరింది అన్న దానిపైనా? ఆ మండలి చివరకు ఎవరికి లెక్క అప్పజెప్పాలి? రాయ్‌పూర్‌లో తలెత్తిన ఈ ప్రశ్న తెలుగు రాష్ట్రాలకూ అంతే వర్తిస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ముస్లింలు సుమారు 5.15 లక్షల మంది. రాష్ట్ర జనాభాలో వీరి వాటా 2 శాతం. సంఖ్య తక్కువైన చోట సంస్థల బలం మరింత ముఖ్యమవుతుంది. పేద విద్యార్థికి ఫీజు, వితంతువుకు నెలవారీ సాయం, ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ, ఇమాముకు, మౌజన్‌కు వేతనం వంటి అవసరాలు తీరాలంటే మసీదు కమిటీ, దర్గా కమిటీ, విద్యాసంఘం సక్రమంగా పనిచేయాలి. అవి బలహీనపడితే ఆ లోటును పూడ్చే మరో వ్యవస్థ అంత తేలికగా దొరకదు.

దాత మాటే శాసనం

వక్ఫ్ అంటే ఒక ఆస్తిని ధర్మకార్యానికి శాశ్వతంగా అంకితం చేయడం. ఇస్లామీయ సంప్రదాయంలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఖైబర్ భూమి. తరువాతి కాలంలో రెండవ ఖలీఫా అయిన హజ్రత్ ఉమర్ అక్కడ తనకు లభించిన భూమిని ఏమి చేయాలని ప్రవక్తను సలహా అడిగారు. భూమిని అలాగే ఉంచి, దానిపై వచ్చే ఫలసాయాన్ని దానం చేయవచ్చన్నది ఆయనకు లభించిన సలహా. ఆ భూమిని అమ్మరాదు, బహుమతిగా ఇవ్వరాదు, వారసులకు పంచరాదు. నిర్వహించే వ్యక్తి తన పోషణకు న్యాయమైన మేరకు తీసుకోవచ్చు గాని, దానితో సంపద కూడబెట్టుకోరాదు. తన తరువాత ఆ నిర్వహణ బాధ్యతను ఉమర్ తన కుమార్తె హఫ్సాకు అప్పగించినట్లు హదీసు గ్రంథాలు చెబుతున్నాయి.

ధర్మకర్త అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. ఆస్తి తనది కాదు, అధికారం తనది కాదు, బాధ్యత మాత్రమే తనది అని ఎరిగినవాడే ధర్మకర్త. అరబిక్‌లో అమానత్ అనే పదం కూడా ఈ భావాన్నే చెబుతుంది. సంప్రదింపులకు షూరా అని పేరు. ఖురాన్‌లో ఒక అధ్యాయానికే ఆ పేరుంది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కాగితంపై రాసి, సాక్షులను పెట్టుకోవాలన్న ఆదేశమూ అందులోనే ఉంది. కాబట్టి తీర్మానాల పుస్తకం, లెక్కల తనిఖీ, సమష్టి నిర్ణయం వంటి వాటిని బయటినుంచి వచ్చిపడిన నిబంధనలుగా చూడనక్కరలేదు. అవి ఆ సంప్రదాయంలో మొదటినుంచీ ఉన్నవే.

1995 నాటి వక్ఫ్ చట్టంలోని 32వ సెక్షన్ రాష్ట్ర బోర్డుకు సాధారణ పర్యవేక్షణ అధికారాన్ని అప్పగించింది. ఆదాయం ఉద్దేశించిన పనికే ఖర్చవుతున్నదా అని చూడడం, నిర్వహణ పథకాలను రూపొందించడం, బడ్జెట్లను పరిశీలించడం, ముతవల్లీలను నియమించడం, తప్పు చేసినవారిని తొలగించడం దాని విధులు. ఈ అధికారాలను వినియోగించేటప్పుడు దాత ఆదేశాలకు, వక్ఫ్ ప్రయోజనాలకు, ఆయా శాఖల ఆచారాలకు అనుగుణంగా నడుచుకోవాలని ఆ సెక్షనే స్పష్టం చేసింది. బోర్డు మొదటగా జవాబు చెప్పవలసింది దాత సంకల్పానికి, ఆ సంకల్పంతో మేలు పొందవలసిన పేదలకు అన్నది దీని అర్థం.

ఎవరు కూర్చోవాలన్న చర్చ

ఇటీవలి చర్చ మాత్రం బోర్డులో ఎవరు కూర్చోవాలన్న అంశం చుట్టూనే సాగింది. 1995 చట్టం ప్రకారం ముస్లిం ఎంపీలు, ఎమ్మెల్యేలు, బార్ కౌన్సిల్ సభ్యులు, ఏటా లక్ష రూపాయలు, అంతకు మించి ఆదాయమున్న వక్ఫ్‌ల ముతవల్లీలు తమ ప్రతినిధులను ఎన్నుకునేవారు. వీరికి తోడు ధర్మశాస్త్ర పండితులను, వృత్తి నిపుణులను, ఒక ఉన్నతాధికారిని ప్రభుత్వం నియమించేది. కనీసం ఇద్దరు మహిళలు ఉండాలన్న నిబంధన 2013 సవరణతో చేరింది.

2025 ఏప్రిల్ 8 నుంచి అమలులోకి వచ్చిన సవరణ చట్టం ఈ నిర్మాణాన్ని మార్చింది. 11 మందికి మించని రాష్ట్ర బోర్డులో సభ్యులందరినీ ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. ఎన్నికల పద్ధతి తొలగిపోయింది. కనీసం ఇద్దరు ముస్లిమేతర సభ్యులు ఉండాలి. షియా, సున్నీ, ముస్లింలలోని వెనుకబడిన తరగతులకు ప్రాతినిధ్యం తప్పనిసరి. ఇద్దరు మహిళలు ఉండాలన్న నియమం కొనసాగుతోంది. ముఖ్య కార్యనిర్వహణాధికారి ముస్లిం అయి ఉండాలన్న షరతు పోయింది.

ఈ మార్పులు పారదర్శకతను, నైపుణ్యాన్ని పెంచుతాయని ప్రభుత్వం వాదించింది. హిందూ దేవాదాయ ధర్మకర్తల మండళ్లలో హిందువులే ఉన్నప్పుడు వక్ఫ్ బోర్డులకు వేరే సూత్రం ఎందుకని వ్యతిరేకులు ప్రశ్నించారు. మత సంస్థలు తమ ధార్మిక వ్యవహారాలను తామే నిర్వహించుకునే హక్కునిచ్చే 26వ అధికరణను వారు ఉదహరించారు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, రాష్ట్ర బోర్డులోని 11 మందిలో ముస్లిమేతరులు ముగ్గురికి మించరాదని పరిమితి విధించింది. 22 మంది ఉండే కేంద్ర వక్ఫ్ మండలిలో నలుగురికి మించరాదని పేర్కొంది. ముఖ్య కార్యనిర్వహణాధికారిగా వీలైనంతవరకు ముస్లింనే నియమించాలని సూచించింది.

సభ్యుల కూర్పు ప్రాధాన్యం గల విషయమే. ఎన్నిక పోయి నామినేషన్ ఒక్కటే మిగిలినప్పుడు సభ్యుడు తనను నియమించినవారి వైపే చూసే ప్రమాదం పెరుగుతుంది. అయితే ఎన్నికలున్న కాలంలోనూ ఆస్తులు ఆక్రమణలకు గురయ్యాయి, లక్షల రూపాయలు రావలసిన చోట వందల్లో అద్దె వచ్చింది. కూర్పు మారినంత మాత్రాన జవాబుదారీ దానంతటదే రాదని ఈ అనుభవం చెబుతోంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లో 2023 అక్టోబరు 21న అప్పటి ప్రభుత్వం 11 మందితో వక్ఫ్ బోర్డును ఏర్పాటు చేసింది. అధ్యక్షుని ఎన్నికపై వివాదం హైకోర్టుకు చేరి, ఆ ఎన్నిక నిలిచిపోయింది. 2023 మార్చి నుంచే బోర్డు పనిచేయడం లేదని పేర్కొంటూ 2024 నవంబరు 30న ప్రభుత్వం ఆ ఉత్తర్వును ఉపసంహరించుకుని, కొత్త బోర్డుకు దారి తీసింది. అంటే దాదాపు 20 నెలలపాటు రాష్ట్రంలోని మసీదులు, దర్గాలు, ఆషూర్‌ఖానాల ఆస్తులపై నిర్ణయం తీసుకునే మండలి లేకుండా పోయింది. బోర్డు ఖాళీగా ఉన్నా ఆక్రమణదారు ఆగడు. కౌలు గడువు ముగుస్తుంది, కోర్టులో వాయిదా వస్తుంది. సభ్యుల పదవీకాలం ముగియడానికి ముందే తదుపరి మండలిని సిద్ధం చేయడం ఎంత అవసరమో ఇక్కడ స్పష్టమవుతుంది.

హైదరాబాద్ శివార్లలోని మణికొండ జాగీరు వ్యవహారం మరో కోణాన్ని చూపుతుంది. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన ఆస్తిగా 1989 నాటి గెజిట్ ప్రకటనలో నమోదైనది 5,506 చదరపు గజాలు మాత్రమే. 2006లో బోర్డు దానికి ఒక సవరణ ప్రకటన వెలువరించి, 1,654 ఎకరాల 32 గుంటలు దర్గాకు చెందినవని పేర్కొంది. అప్పటికే ఆ ప్రాంతంలో ప్రభుత్వం పరిశ్రమలకు, సంస్థలకు భూములు కేటాయించింది. సుదీర్ఘ వ్యాజ్యం తరువాత 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ సవరణ ప్రకటన చెల్లదని తీర్పు చెప్పింది. భూమిపై ఎవరి వాదన ఎంత బలమైనదన్న విషయం అటుంచితే, మొదటి ప్రకటనకు, సవరణకు మధ్య 17 ఏళ్ల అంతరం ఉండడం, సవరణకు ముందు చట్టం కోరే విచారణ జరగకపోవడం బోర్డు వాదనను దెబ్బతీశాయి. హక్కు ఉందని నమ్మడం ఒక ఎత్తు, సకాలంలో సక్రమంగా నమోదు చేయడం మరొక ఎత్తు.

రికార్డుల విషయంలో తెలంగాణ ఎదుర్కొన్న పరిస్థితి ఇంకా విచిత్రమైనది. పత్రాల్లో అక్రమాలు జరుగుతున్నాయన్న ఆరోపణల నేపథ్యంలో 2017 నవంబరులో అప్పటి ప్రభుత్వం హైదరాబాద్ నాంపల్లిలోని హజ్‌హౌస్‌లో ఉన్న వక్ఫ్ బోర్డు రికార్డుల గదికి తాళం వేయించింది. రక్షణ కోసం వేసిన ఆ తాళం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. తన పత్రాలు తనకే అందని సంస్థ కోర్టులో తన ఆస్తిని నిరూపించుకోవడం కష్టం. ప్రతి పత్రానికి నకళ్లు, ప్రతి ఫైలుకు ఒక బాధ్యుడు ముందునుంచే ఉండి ఉంటే అంత తీవ్రమైన చర్యకు అవకాశమే ఉండేది కాదు.

సంపద ఉంది, రాబడి లేదు

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదిక ప్రకారం దేశంలో 4.9 లక్షల నమోదైన వక్ఫ్ ఆస్తులు, సుమారు 6 లక్షల ఎకరాల భూమి ఉన్నాయి. వాటిపై ఏటా వస్తున్న ఆదాయం 163 కోట్ల రూపాయలు మాత్రమే. మార్కెట్ విలువ మేరకు వినియోగిస్తే ఏటా 12,000 కోట్ల రూపాయలు రాగలవని కమిటీ అంచనా వేసింది. మసీదులు, ఖబరస్తాన్‌లు ఆదాయం కోసం ఉద్దేశించినవి కావు గనుక ఈ అంచనాను యథాతథంగా తీసుకోలేము. అయినా ఆ రెండు అంకెల మధ్య అంతరం నిర్వహణ లోపానికి పెద్ద నిదర్శనం.

ఆ అంతరం భారం మొదట పడేది పేదలపై, ఆ తరువాత ఇమాములపై. ఇమాములకు వేతనం చెల్లించే బాధ్యత వక్ఫ్ బోర్డులదేనని సుప్రీంకోర్టు 1993లోనే తీర్పు చెప్పింది. ఛత్తీస్‌గఢ్ బోర్డు 2025 జూన్‌లో నికాహ్ జరిపించేవారు తీసుకునే కానుక 1,100 రూపాయలకు మించరాదని ఆదేశించింది. పేద కుటుంబాలపై భారం తగ్గించాలన్న ఆ ఉద్దేశం మెచ్చదగినదే. అయితే కానుకపై పరిమితి పెట్టే మండలి, ఆ కానుకపై ఆధారపడవలసిన అవసరం ఇమాముకు ఎందుకు కలుగుతున్నదో కూడా చూడాలి. అద్దెలు సరిగా వసూలై, వేతనం నెలనెలా అందితే ఆదేశాల అవసరం చాలావరకు తగ్గుతుంది.

కొత్త చట్టంలో మరో ముఖ్యాంశం ఉంది. ప్రతి వక్ఫ్ తన ఆదాయంలో బోర్డుకు చెల్లించే వాటా గరిష్ఠ పరిమితి 7 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రెండు శాతం మేర సంస్థల చేతిలో ఎక్కువ మిగులుతుంది. అదే సమయంలో బోర్డు తన ఖర్చులు వెళ్లదీసుకోవాలంటే ఆస్తుల రాబడి పెరగడం తప్ప మరో మార్గం లేదు.

మంచి పాలకమండలికి కావలసినవి

రాష్ట్ర స్థాయి బోర్డు తీరు ఎలా ఉన్నా, రాయ్‌పూర్‌లోని ఒక మసీదు కమిటీ గాని, గుంటూరులోని ఒక మదరసా సంఘం గాని, హైదరాబాద్‌లోని ఒక విద్యాసంస్థ గాని తమ ఇంటిని తామే చక్కదిద్దుకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

మొదటిది, పాలనకు, బోధనకు మధ్య స్పష్టమైన గీత. లెక్కలు, ఆస్తులు, నియామకాలు మండలి బాధ్యత. నమాజు, ప్రసంగం, ధర్మబోధ ఇమాము బాధ్యత. ప్రసంగం చట్టాన్ని ఉల్లంఘిస్తే చర్య తీసుకోవడానికి పోలీసులు, న్యాయస్థానాలు ఉన్నాయి. ముందస్తు అనుమతుల పని పాలకమండలి నెత్తిన వేసుకుంటే దాని అసలు పని వెనుకబడుతుంది. అలాగే ఇమాము ఖజానాకు కూడా అధిపతి అయితే ఆయనను ప్రశ్నించే ధైర్యం ఎవరికీ ఉండదు.

రెండవది, స్వప్రయోజనం ఉన్నవారు నిర్ణయానికి దూరంగా ఉండడం. వక్ఫ్ దుకాణంలో అద్దెకు ఉన్న వ్యక్తి గాని, అతని దగ్గరి బంధువు గాని అద్దె నిర్ణయించే సమావేశంలో కూర్చోరాదు. ఈ ఒక్క నియమాన్ని నిక్కచ్చిగా పాటిస్తే సగం వివాదాలు పుట్టవు. ప్రతి సభ్యుడు తన వ్యాపార సంబంధాలను ఏటా రాతపూర్వకంగా వెల్లడించడం ఇందుకు తొలి మెట్టు.

మూడవది, నిర్ణీత పదవీకాలం. ఒకే కుటుంబం, ఒకే వర్గం దశాబ్దాల తరబడి కొనసాగడం అనేక కమిటీల్లో కనిపించే జబ్బు. దాత తన పత్రంలో వంశపారంపర్య నిర్వహణ కోరిన చోట దానిని గౌరవించవలసిందే. అలాంటి చోట కూడా నిర్వాహకునికి సలహా చెప్పి, లెక్కలు అడిగే బృందం ఒకటి ఉండవచ్చు. మిగిలిన చోట్ల సభ్యులందరూ ఒకేసారి మారకుండా దఫదఫాలుగా మారితే అనుభవమూ నిలుస్తుంది, కొత్తదనమూ వస్తుంది.

నాలుగవది, నైపుణ్యం, ప్రాతినిధ్యం. భక్తి, పలుకుబడి మాత్రమే అర్హతలు కారాదు. లెక్కలు తెలిసినవారు, భూమి పత్రాలు చదవగలవారు, న్యాయవాది, ఉపాధ్యాయుడు, సాయం పొందే బస్తీనుంచి ఒకరు ఉండాలి. మహిళలను నామమాత్రంగా కాక నిర్ణయాధికారంతో చేర్చాలి. హఫ్సా ఉదాహరణ ముందుండగా సంప్రదాయం పేరుతో వారిని దూరం పెట్టడానికి ఆధారం లేదు.

ఐదవది, బహిరంగమైన లెక్క. ఏటా లక్ష రూపాయలు మించిన ఆదాయమున్న వక్ఫ్‌లకు ప్రభుత్వం తయారుచేసిన జాబితాలోని ఆడిటర్ల తనిఖీని 2025 చట్టం తప్పనిసరి చేసింది. ఆ లోపు ఉన్న చిన్న సంస్థలు సైతం ఏడాదికోసారి జమాఖర్చులను మసీదు గోడపై అతికిస్తే చాలు. జకాత్ సొమ్మును, నిర్మాణానికి వచ్చిన చందాను, అద్దె ఆదాయాన్ని వేర్వేరు పద్దులుగా చూపడం తప్పనిసరి. జకాత్ ఎవరికి చెందాలో ధర్మశాస్త్రమే నిర్దేశించింది గనుక దానిని సున్నం వేయడానికో, మినార్ కట్టడానికో వాడడానికి వీలులేదు.

భయాలు, బాధ్యతలు

ఈ సూచనలకు ఎదురయ్యే అభ్యంతరాలు తేలికగా తోసిపుచ్చదగినవి కావు. చిన్న కమిటీల్లో అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవారే. పగలంతా దుకాణంలోనో, వర్క్‌షాపులోనో గడిపి రాత్రి ఇషా నమాజు తరువాత కూర్చునేవారిపై ఇన్ని నియమాలు మోపడం భారమే. లెక్కలు బయటపెడితే వాటినే ఆధారంగా చేసుకుని వేధిస్తారన్న భయమూ నేటి వాతావరణంలో బలంగా ఉంది. పారదర్శకతను కోరే ప్రభుత్వం, నిజాయితీగా వివరాలిచ్చినవారికి రక్షణ కల్పిస్తుందన్న నమ్మకాన్ని కూడా కలిగించాలి.

అయినా పత్రాలు దాచుకోవడం వల్ల రక్షణ లభించదని ఇటీవలి పరిణామాలు తేటతెల్లం చేశాయి. 2025 జూన్ 6న కేంద్రం ప్రారంభించిన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలల్లో నమోదు చేయవలసి వచ్చింది. గడువు పొడిగింపునకు సుప్రీంకోర్టు డిసెంబరు 1న నిరాకరించి, అవసరమైనవారు ట్రిబ్యునళ్లను ఆశ్రయించవచ్చని తెలిపింది. గడువు ముగిసేసరికి 5.17 లక్షల ఆస్తుల నమోదు ప్రక్రియ మొదలుకాగా, ఆమోదం పొందినవి 2.16 లక్షలు మాత్రమేనని కేంద్ర అల్పసంఖ్యాక వ్యవహారాల శాఖ వెల్లడించింది. దానపత్రం, సర్వే సంఖ్య, హద్దులు, అద్దెదారుల జాబితా ముందే క్రమబద్ధంగా ఉంచుకున్న కమిటీలకు ఈ ఆరు నెలలు సరిపోయాయి. పెట్టె అడుగున ఉన్న పాత ఉర్దూ పత్రాన్ని చదవగలవారిని వెతుక్కోవలసి వచ్చిన కమిటీలకు సరిపోలేదు.

సవరణ చట్టం చెల్లుబాటుపై అంతిమ తీర్పు ఎలా ఉన్నా, బోర్డులో ఎవరెవరు కూర్చున్నా, సామాన్యుడు అడిగే ప్రశ్నలు మారవు. దాత ఇచ్చిన ఆస్తి భద్రంగా ఉందా? దాని రాబడి చేరవలసినవారికి చేరిందా? ఆ లెక్కను అడిగే హక్కు తనకు ఉందా? రాయ్‌పూర్‌లోని బోర్డు రాష్ట్రంలోని ప్రతి మసీదునుంచి శుక్రవారం ప్రసంగం అంశాన్ని కోరగలిగింది. అంతే పట్టుదలతో ప్రతి సంస్థనుంచి వార్షిక జమాఖర్చులను కోరి, తన జమాఖర్చులను కూడా వాటి పక్కనే ప్రజల ముందు ఉంచగలిగితే, అది మిగిలిన రాష్ట్రాలకు అనుసరణీయమైన నమూనా అవుతుంది.